గోళ్లను మెచ్చిన రాజ్యాలు, రెక్కలను తలచిన కథలు

ప్రపంచ దేశాల రాజముద్రలను వరుసగా చూస్తూ పోతే మళ్లీ మళ్లీ ఎదురయ్యే పక్షి గద్ద జాతిదే. అమెరికా, మెక్సికో, జర్మనీ, పోలండ్, రష్యా, అల్బేనియా, ఈజిప్టు, జాంబియా, థాయిలాండ్, ఇండోనేషియా వంటి దేశాలకు మతంలోను, భాషలోను, చరిత్రలోను పొంతన లేదు. అయినా అవన్నీ ఈ ఒక్క పక్షి దగ్గర కలుసుకుంటాయి. ఎందుకని అడిగితే అది ఎత్తున ఎగురుతుంది, దూరం చూస్తుంది, బలమైనది అని చెబుతారు. ఈ జవాబు నాకు ఎన్నడూ తృప్తినివ్వలేదు. ఎత్తే కారణమైతే హిమాలయాల మీదుగా వలస వచ్చే బాతులకు కూడా ఆ గౌరవంలో వాటా దక్కాలి. రాజ్యాలు ఈ పక్షిలో ముందుగా మెచ్చింది దాని గోళ్లనే అని నా అభిప్రాయం. అదే పక్షి గురించి మన దగ్గర తరతరాలుగా చెప్పుకుంటున్న కథల్లో గోళ్లకన్నా గొప్ప విషయం ఒకటి ఉంది: దాస్యం నుంచి విడిపించడం. దాన్ని మనమే మరిచిపోతున్నామని హనుమకొండలో ఉంటూ, చుట్టుపక్కల గుళ్లూ గుట్టలూ తిరిగిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. గద్ద, డేగ, గరుడ పక్షి, రాబందు జీవశాస్త్రం ప్రకారం వేరువేరు పక్షులని తెలుసు. చిహ్నాల చరిత్రలో మాత్రం వీటి కథలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి కనుక నేను కూడా వాటిని కలిపే మాట్లాడతాను.

రోముతో మొదలుపెట్టాలి, ఎందుకంటే పాశ్చాత్య రాజముద్రల మీది గద్దలన్నీ దాదాపుగా ఆ గూటి నుంచి వచ్చినవే. క్రీ.పూ. 104లో గయస్ మారియస్ రెండవసారి కాన్సుల్‌గా, అంటే రోము అత్యున్నత అధికారిగా ఉన్నప్పుడు, అంతవరకు సైన్యం ముందు నడిచిన తోడేలు, గుర్రం, అడవిపంది వంటి గుర్తులను పక్కకు తప్పించి గద్ద ఒక్కదాన్నే లీజియన్ల, అంటే రోమన్ సేనాదళాల, ధ్వజంగా నిలిపాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ తరువాత ఆ లోహపు పక్షికి దక్కిన పవిత్రత మనుషుల ప్రాణాలను మించిపోయింది. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర ఇరాన్‌ను ఏలిన పార్థియన్ల చేతిలో రోమన్ సేనాని క్రాసస్ సైన్యం కూలిపోయినప్పుడు ఇరవై వేలమంది చనిపోయారని, పదివేలమంది బందీలయ్యారని చరిత్రకారుడు ప్లూటార్క్ చెబుతాడు. గద్ద ధ్వజాలు కూడా శత్రువు చేతికి చిక్కాయి. క్రీ.పూ. 20లో అగస్టస్ చక్రవర్తి రాయబారంతో ఆ ధ్వజాలను వెనక్కి తెప్పించుకున్నాడు. నాణేల మీద చెక్కించుకున్నది ధ్వజాలు తిరిగి వచ్చాయన్న సంగతినే. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడ పోయిన గద్దల్లో చివరిది క్లాడియస్ చక్రవర్తి కాలంలో, అంటే మూడు దశాబ్దాలు దాటిన తరువాత దొరికింది. ఒక రాజ్యం ఒక లోహపు బొమ్మ కోసం ఒక తరం పొడవునా వెతికిందంటే, ఆ బొమ్మలో అది చూసుకున్నది తన పట్టు సడలలేదన్న నమ్మకాన్నే అయి ఉండాలి. గ్రీకు పురాణంలో కూడా దేవతల రాజు జ్యూస్ గద్ద చేసే పని అదే: మనుషులకు నిప్పు తెచ్చి ఇచ్చిన ప్రొమీథియస్ కాలేయాన్ని అది రోజూ పొడుచుకు తింటుంది. పాలకుడి శిక్షను అమలు చేసే పక్షి అది.

రెండు తలల గద్ద గురించి ఎక్కువ చెప్పను. నేటి టర్కీ ప్రాంతపు ప్రాచీన హిట్టైట్ల శిల్పాల్లో మొదలై, బైజాంటియం అనే తూర్పు రోమన్ సామ్రాజ్యపు చివరి రాజవంశం దగ్గర నిలిచి, ఆ వంశపు ఆడపడుచును 1472లో పెళ్లాడిన రష్యా పాలకుడు మూడవ ఇవాన్ కాలంలో మాస్కో ముద్రకెక్కిన ఆ పక్షి, రెండు దిక్కులనూ ఏలాలన్న కోరికకు గుర్తుగా చాలా గడపలు తొక్కింది. మన దక్షిణాదిలో గండభేరుండం అనే రెండు తలల పక్షి కూడా ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద అది ఏనుగులను ముక్కుతోను, గోళ్లతోను పట్టుకుని ఉంటుంది. ఒక్క అల్బేనియా విషయంలో మాత్రం నా మనసు కాస్త మెత్తబడుతుంది. అక్కడ 1912లో ఆ నల్లని రెండు తలల గద్ద జెండా ఎగిరింది ఎవరినో పట్టుకోవడానికి కాక, శతాబ్దాల ఒట్టోమన్ పాలన నుంచి బయటపడినందుకు.

అమెరికా గద్ద దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దాని కథలో ఒక తప్పిపోయిన అవకాశం ఉంది. 1776లో కొత్త దేశానికి ముద్ర తయారుచేయమని స్వాతంత్ర్య నాయకులు ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జెఫర్సన్‌లకు అప్పగించినప్పుడు ఫ్రాంక్లిన్ సూచించిన బొమ్మలో గద్దే లేదు. బైబిల్ కథలోని మోషే చెయ్యి చాపగా సముద్రం ఫరో సైన్యాన్ని ముంచేస్తున్న దృశ్యాన్ని, అంటే బానిసలుగా ఉన్న ఒక జాతి విడుదలైన ఘట్టాన్ని, ఆయన ప్రతిపాదించాడు. అది ఆమోదం పొందలేదు. ఆరేళ్లలో మరో రెండు కమిటీలు మారి, చివరకు 1782 జూన్ 20న చార్లెస్ థామ్సన్ తీర్చిదిద్దిన తెల్లతల గద్ద ముద్రకెక్కింది. దాని కుడి కాలి గోళ్లలో ఆలివ్ కొమ్మ, ఎడమ కాలి గోళ్లలో 13 బాణాలు ఉంటాయి. తల ఆలివ్ కొమ్మ వైపు తిరిగి ఉంటుందని, కాబట్టి అది శాంతికే మొగ్గు చూపుతుందని దాని తరఫువాళ్లు అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ ఫ్రాంక్లిన్ 1784లో తన కూతురికి రాసిన ఉత్తరంలో ఈ పక్షి నడవడి మంచిది కాదని, కష్టపడి చేపను పట్టుకున్న మరో పక్షి వెంటపడి ఆ చేపను లాక్కుంటుందని నొచ్చుకున్నాడు. జీవశాస్త్రం ప్రకారం కూడా ఆ పరిశీలన నిజమే. నన్ను మరింత బాధించేది ఇంకొకటి ఉంది. బానిసత్వ విముక్తి బొమ్మను వదిలి గద్దను ఎంచుకున్న ఆ దేశంలో బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది. మొదటి బొమ్మే ముద్ర మీద ఉండి ఉంటే చరిత్ర మారేదని చెప్పలేను గాని, ఒప్పందాల మీద ఆ దృశ్యం పడుతూ ఉంటే సంతకం చేసేవాడి చెయ్యి ఒక్కసారైనా ఆగి ఉండేదేమోనని నాకు అనిపిస్తుంది.

అదే అమెరికా, అదే పక్షి విషయంలో, ఒక చిహ్నం మనుషులకు బాధ్యతను ఎలా గుర్తుచేయగలదో కూడా చూపించింది. డీడీటీ అనే పురుగుమందు అవశేషాలు చేపల ద్వారా ఒంట్లోకి చేరి గుడ్ల పెంకులు పలచబడడంతో, పొదగబోయిన తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. 1963 నాటికి అలాస్కా, హవాయి కాక మిగిలిన రాష్ట్రాలన్నింటిలో కలిపి గూడు కట్టిన జంటలు 417 మాత్రమే మిగిలాయి. 1972లో డీడీటీని నిషేధించారు, గూళ్లకు కాపలా పెట్టారు, చట్టాలను గట్టిగా అమలు చేశారు. 2007లో ఆ పక్షిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తీసేశారు. నాణెం మీది పక్షి ఆకాశంలో లేకపోతే ఆ నాణేనికే అవమానమని ఒక సమాజం భావించినందువల్లే ఇది సాధ్యమైంది. ఈ సంగతిని చివర్లో మన దగ్గరికి తీసుకువస్తాను.

జర్మనీ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. హిట్లర్ కాలంలో స్వస్తికను గోళ్లలో పట్టుకుని నిలబడిన గద్దను చూసిన ప్రపంచం, యుద్ధం తరువాత ఆ దేశం ఆ పక్షినే వదిలేస్తుందని అనుకుని ఉంటుంది. వాళ్లు వదల్లేదు, కానీ దాని ఒళ్లు మార్చారు. 1953లో బాన్ నగరంలోని పార్లమెంటు గోడకు లుడ్విగ్ గీస్ అనే శిల్పి చేసి పెట్టిన గద్ద ఎంత బొద్దుగా ఉందంటే జనం దాన్ని బలిసిన కోడిపెట్ట అని పిలుచుకున్నారు. తమ రాజముద్ర ఎవరినీ భయపెట్టకుండా ఉండడమే మేలని ఒక జాతి నిశ్చయించుకోవడం నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన గరుడుడి దగ్గరికి రావాలి. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో ఈ కథ ఉంది, మన పల్లెల్లో హరికథల ద్వారా అందరికీ తెలిసినదే, అయినా దానిలోని వరుసను ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఉచ్చైశ్రవం అనే దేవతల గుర్రం తోక నల్లగా ఉందని కద్రువ, తెల్లగా ఉందని ఆమె సవతి వినత పందెం వేసుకున్నారు. కద్రువ కొడుకులైన పాములు ఆ తోకకు చుట్టుకుని నల్లగా కనిపించేలా చేయడంతో ఓడిన వినత సవతికి దాసి అయింది. ఆమె కొడుకు గరుడుడు పుట్టుకతోనే మహాబలుడు, కానీ దాసి కొడుకు కనుక పాములను వీపున మోసుకుని తిరగవలసి వచ్చింది. మనం వీళ్ల మాట ఎందుకు వినాలని అతడు తల్లిని అడుగుతాడు. ఈ కథ మొత్తానికి ప్రాణం ఆ ప్రశ్నే అని నేను అనుకుంటాను. దాస్యం తీరాలంటే అమృతం తెచ్చి ఇవ్వాలని పాములు షరతు పెడతాయి. అతడు స్వర్గానికి వెళ్లి, దేవతలను గెలిచి, అమృతాన్ని చేజిక్కించుకుని, అందులో చుక్క కూడా తాను తాగకుండా తిరిగి వస్తాడు. విష్ణువు మెచ్చింది అతడి బలాన్ని కాక ఈ నిగ్రహాన్ని. ఇంద్రుడు వజ్రాయుధం విసిరితే ఆ ఆయుధం మీద గౌరవంతో ఒక్క ఈకను రాల్చి ఊరుకుంటాడు. తల్లి విడుదలయ్యాక ఆ అమృతం ఇంద్రుడి దగ్గరికే తిరిగి చేరుతుంది. ఇంత యుద్ధం చేసిన పక్షి ఒక రాజ్యాన్ని గాని, ఒక నిధిని గాని తనకోసం ఉంచుకోలేదు. ప్రపంచంలోని గద్ద కథల్లో నాకు తెలిసినంతవరకు దాస్య విముక్తిని ఇంత సూటిగా కేంద్రంలో పెట్టుకున్న కథ మరొకటి లేదు.

ఈ అంశాన్ని మనకన్నా శ్రద్ధగా రాతిమీద చెక్కుకున్నవాళ్లు జావా ద్వీపవాసులు. తూర్పు జావాలోని చండీ కిదాల్ అనే గుడిని 13వ శతాబ్దం మధ్యలో, అంటే మన కాకతీయుల రాజ్యం ఉచ్ఛదశలో ఉన్న కాలంలో, సింగసారి రాజు అనూషపతి స్మృత్యర్థం కట్టారు. దాని పీఠం చుట్టూ మూడు వైపులా మూడు శిల్పాలు ఉన్నాయి: పాములను మోస్తున్న గరుడుడు, అమృతభాండం తెస్తున్న గరుడుడు, తల్లిని మోసుకుపోతున్న గరుడుడు. 1945లో డచ్చివాళ్ల నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండోనేషియా, ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశమై ఉండి కూడా, 1950లో గరుడుణ్ణి రాజముద్రగా స్వీకరించినప్పుడు ఈ విముక్తి గాథ వాళ్ల సంస్కృతిలో సజీవంగానే ఉంది. ఆ ముద్రలో ఒక్కొక్క రెక్కకు 17 ఈకలు, తోకకు 8, మెడకు 45 పెట్టి 1945 ఆగస్టు 17ను పక్షి ఒంట్లోనే పొదిగారు. గోళ్లలో బాణాలు లేవు, భిన్నత్వంలో ఏకత్వాన్ని చెప్పే పట్టీ ఉంది. గోళ్లకు ఇంతకన్నా మంచి పని ఇచ్చిన ముద్రను నేను చూడలేదు. అయితే అదే ముద్ర వేసుకున్న సైన్యం 1975లో తూర్పు తైమూరును ఆక్రమించి 1999 దాకా అక్కడే ఉందన్న నిజాన్ని కూడా చెప్పకపోతే నా వాదన నిజాయితీ లేనిదవుతుంది. ఎంత గొప్ప కథ అయినా తనను మోసేవాళ్ల చేతులను దానంతట అది కట్టిపడేయలేదు.

ఈ మాటకు మన ఓరుగల్లు చరిత్రే సాక్ష్యం. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు దగ్గరి శాసనం కాకతీయుల వంశక్రమాన్ని చెబుతూ తొలినాటి బేతరాజును గరుడాంక బేతుడని, అంటే గరుడ గుర్తు గల బేతుడని, పేర్కొంటుంది. గరుడుడు రాష్ట్రకూటుల ముద్ర. కాకతీయులు మొదట వారి సేనానులుగా ఉండి ఆ గుర్తును ధరించారని, రాష్ట్రకూటులు పోయి కల్యాణి చాళుక్యులు వచ్చాక చాళుక్యుల వరాహాన్ని స్వీకరించారని చరిత్రకారులు భావిస్తారు. అంటే మన నేల మీద గరుడుడు వచ్చినా పోయినా అది ఏ ప్రభువుకు కొలువు చేస్తున్నామో తెలిపే గుర్తుగానే. ఇక దేవగిరి యాదవులు తమను సువర్ణ గరుడ ధ్వజులమని చెప్పుకున్నారు. కాకతీయ మహాదేవుడు వారితో యుద్ధంలోనే మరణించాడు, ఆయన కొడుకు గణపతిదేవుడు బందీగా దొరికిపోయి 1199లో విడుదలయ్యేదాకా వారి చెరలోనే ఉన్నాడు. తల్లి చెర విడిపించిన పక్షి బొమ్మ కింద ఒక పిల్లవాడు చెరలో ఉన్నాడన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాల మీద మన శిల్పులు హంసలను కూర్చోబెట్టారు. ఇవాళ రాష్ట్ర ముద్రలో కనిపించేది ఆ తోరణమే.

రాజుల ధ్వజాలను దాటి జనం దగ్గరికి వస్తే మరో గరుడుడు కనిపిస్తాడు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద, 10వ శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలు ఉన్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. అక్కడే రాతిమీద చెక్కిన చక్రేశ్వరి, జైన సంప్రదాయంలో గరుడ వాహనురాలు. మన విష్ణు ఆలయాల్లో గరుడుడు స్వామికి ఎదురుగా చేతులు జోడించుకుని ఉంటాడు. ప్రపంచంలో ఏ రాజముద్ర మీదా నమస్కరిస్తున్న గద్ద నాకు కనిపించలేదు. బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు గరుడ ముద్ద అనే ప్రసాదం కోసం సంతానం లేని స్త్రీలు కొంగు పడతారు. మా నాయనమ్మ కాలంలో తెల్లని రొమ్ము, ఇటుక రంగు రెక్కలు ఉన్న గరుడ పక్షి ఊరి చెరువు మీద తిరిగితే ఉన్న పని ఆపి దండం పెట్టేవాళ్లు. "గరుత్మంతుడు తిరుగుతున్నడు, మొక్కు బిడ్డా" అని ఆమె అనడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కోడిపిల్లలను తన్నుకుపోయే నల్ల గద్ద వస్తే మాత్రం అదే నాయనమ్మ కేకలు వేస్తూ, గంప కింద పిల్లలను మూస్తూ పరుగెత్తేది. ఒకే జాతి పక్షుల్లో ఏది లాక్కుపోతుందో, దేనికి మొక్కవచ్చో విడదీసి చూసిన ఆ తెలివిని నేను ఏ రాజనీతికన్నా తక్కువగా చూడను.

గద్ద మంచికి, పాము చెడుకు గుర్తు అని చెప్పే వాదం కూడా మన దగ్గర నిలవదు. మెక్సికో జెండా మీద నాగజెముడు పైన కూర్చున్న గద్ద నోట పాము ఉంటుంది. గ్రీకు కవి హోమర్ కావ్యంలో పాము కాటుకు గద్ద దాన్ని జారవిడిస్తే సైన్యం శకునమని భయపడుతుంది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో మాత్రం మెస్రం వంశపు గోండులు పుష్య అమావాస్యకు, కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో తమ నాగదేవుడు నాగోబాను అభిషేకిస్తారు. ఆ ఊళ్లో నిలబడి పాము చెడుకు గుర్తు అని ఎవరు చెప్పగలరు? గరుడుడికి, పాములకు వైరం ఉన్న మాట నిజమే కాని, హర్షుడి నాగానందం నాటకంలో ఒక నాగుడి బదులు తన శరీరాన్ని ఇచ్చిన జీమూతవాహనుణ్ణి చూసి గరుడుడే పశ్చాత్తాపపడి హింస మానుకుంటాడు. గోళ్లు ముడుచుకున్న గరుడుణ్ణి మన సాహిత్యం 7వ శతాబ్దంలోనే ఊహించింది.

తెలంగాణ ఏర్పడ్డాక 2014లో పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించినప్పుడు, పోరాడి సాధించుకున్న రాష్ట్రానికి ఇంత చిన్న పిట్టా అని కొందరు అన్నారు. నేను ఆ నిర్ణయాన్ని అప్పుడూ ఇప్పుడూ మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోతూ చేల గట్ల మీద దాన్ని వెతికే కళ్లు మన అందరివీ. ఏ రాజూ దాన్ని యుద్ధానికి తీసుకుపోలేదు.

ఇక బతికి ఉన్న పక్షుల సంగతి. గరుడుడి అన్న అనూరుడి కొడుకు జటాయువు, రామాయణంలో గ్రద్దల రాజు. రావణుడితో గెలవలేనని తెలిసీ ముసలి ఒంటితో అడ్డం వెళ్లి రెక్కలు తెగి పడిపోయిన అతడికి రాముడు తండ్రికి చేసినట్టు దహన సంస్కారం చేశాడు. ఆ జటాయువు జాతి రాబందులు 1990ల నుంచి మన దేశంలో కుప్పకూలిపోయాయి. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా నశించాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా చేరి వాటి మూత్రపిండాలను పాడుచేయడమే కారణమని తేలింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ మందులను కూడా పశువైద్యంలో నిషేధించారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, ప్రాణహితకు దగ్గరగా ఉన్న పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013 ప్రాంతంలో బయటపడింది. ఆ పక్షి ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, కాబట్టి ఒక జంట చనిపోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

అమెరికా తన రాజముద్ర మీది పక్షి కోసం చేసిన పనిని, మనం మొక్కే పక్షి బంధువుల కోసం మనం చేయలేమా అన్నది నా ప్రశ్న. ఆ గుట్ట చుట్టూ ఉన్న మండలాల్లో పశువుల మందుల దుకాణాలను తరచూ తనిఖీ చేయాలి, మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్ సీసాలు పశువులకు వాడకుండా చూడాలి. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ ప్రతి పశువైద్యశాలలో రైతుకు ఉచితంగా దొరకాలి. దేవాదాయ శాఖ పరిధిలోని వైష్ణవ ఆలయాల్లో ధ్వజారోహణం నాడు, గరుడ ముద్ద కోసం వచ్చిన వేలమంది రైతు కుటుంబాలకు ఈ మందుల సంగతిని అర్చకులే మైకులో రెండు నిమిషాలు చెప్పవచ్చు. గరుడుణ్ణి గుడ్డ మీద రాసి ఎగరేసిన చోట ఆ మాట అసందర్భమని ఏ భక్తుడూ అనడు. ఈ విన్నపాన్ని మా జిల్లాలోని కొన్ని దేవస్థానాలకు ఉత్తరంగా రాస్తున్నాను, చదివినవాళ్లు తమ ఊరి గుడికి కూడా రాయాలని కోరుతున్నాను.